నిబంధన తీగకు పెట్టండి, బట్టకు కాదు

హైదరాబాదులోనో బెంగళూరులోనో గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు అద్దెకు తీసుకుంటే, తాళంచెవులతోపాటు ఒక నిబంధనల కాగితం కూడా చేతిలో పెడతారు. కుక్కల గురించి, పార్కింగు గురించి, రాత్రి పది దాటాక పాటల గురించి అందులో ఉంటుంది. వాటి నడుమ చాలాచోట్ల ఇంకో మాట కూడా ఉంటుంది: బయటికి కనిపించేలా బట్టలు ఆరేయరాదు, ఆరేస్తే జరిమానా. ఆ మాట ఇప్పుడు పెద్ద ఊళ్లు దాటి మా గుంతకల్లులాంటి జంక్షన్ ఊరికీ వచ్చింది. మేముండే అపార్టుమెంటులో, వీధివైపు బాల్కనీల్లో ఇకమీదట ఒక్క గుడ్డ కూడా కనిపించకూడదని కమిటీవాళ్లు తీర్మానం చేశారు. కారణం ఒక్కటే రాశారు, బిల్డింగు అందం చెడుతోందని.

నేను ఆ తీర్మానానికి వ్యతిరేకిని. అట్లాగని ఎవరికి తోచినచోట వాళ్లు తాళ్లు కట్టుకోవచ్చని అనడం లేదు. బట్టలు ఆరేసుకోవడానికి ఒక పద్ధతి, ఒక నిబంధన కావాల్సిందే. కాకపోతే ఇప్పుడు పెడుతున్నది కంటికి నచ్చడం కోసం పెడుతున్న నిబంధన. కావాల్సింది ప్రాణం కాపాడే నిబంధన.

ముందు మా సీమ సంగతి చెప్తాను. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రైల్వే స్కూల్లో సోషల్ చెప్పినన్నాళ్లూ, దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో మనదొకటని ఏటా పిల్లలతో రాయించేదాన్ని. నీళ్లకు కరువు, పంటకు కరువు, పనికి కరువు. కరువు లేనివి రెండే, ఎండా గాలీ. ఈమధ్య ఆ రెంటికీ గిరాకీ వచ్చింది. ఉరవకొండ, వజ్రకరూరు దిక్కున గాలిమరలు లేచాయి. అవతల ఎన్‌పీ కుంటలో వేల ఎకరాల మీద సోలార్ పలకలు పరిచారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో, మిద్దె మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టుకుంటే కేంద్రం రూ.78 వేల రాయితీ ఇస్తోంది. అట్లా పలకలు బిగించిన ఇంటిని చూసి అందం చెడిందని ఎవరూ అనరు, ముందుచూపున్న ఇల్లు అంటారు. అదే మిద్దె మీద దండెం కడితే మాత్రం పల్లెటూరి బుద్ధి అంటారు. రెండూ ఎండను వాడుకునేవే. ఒకదానికి రాయితీ పోను ఇంకా వేలల్లో ఖర్చుంది, రెండోదానికి వంద రూపాయల నైలాన్ తాడు చాలు.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఈ సంగతి 1980లోనే గుర్తించింది. సోలార్ పరికరాలనూ బట్టల దండేలనూ ఒకే వరసలో చేర్చి, వీటిని ఏ కాలనీ ఒప్పందమూ నిషేధించడానికి వీల్లేదని చట్టం చేసింది. కెనడాలో ఒంటారియో 2008లో, అమెరికాలోనే వెర్మాంట్ 2009లో అదే దారి పట్టాయి. అక్కడ అంత పని ఎందుకు పడిందంటే, ఇళ్ల ఓనర్ల సంఘాలు దండేలను నిషేధించి జనాన్ని డ్రయ్యర్ల పాలు చేశాయి గనక. డ్రయ్యర్ ఒక విడత బట్టలు ఆరబెట్టడానికి రెండు మూడు యూనిట్ల కరెంటు లాగుతుంది. మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. ఎండాకాలంలో అక్కడా మన మాదిరే మాడిపోతుంది. మా అక్క అక్కడికి పోయినప్పుడు పెరట్లో చీర ఆరేస్తే, కోడలు పరుగున వచ్చి తీసి లోపలికి తెచ్చిందట. "అత్తయ్యా, ఎవరైనా చూశారంటే అసోసియేషన్ నుంచి లెటర్ వస్తుంది" అని. ఆ చీరను తీసుకుపోయి డ్రయ్యర్లో వేశారు. బయట ఎండ నెత్తి పగలగొడుతోంది.

మా ఊళ్లో ఉతుకుడు ఆదివారమా సోమవారమా అని చూసి పెట్టుకునేది కాదు, కొళాయి చూసి పెట్టుకునేది. నీళ్లొచ్చే రోజు తొట్టి, డ్రమ్ములు, బిందెలు నింపుకొని, ఆ పూటే దుప్పట్లతో సహా ఇంటిల్లిపాదివీ ఉతికేస్తాం. అందుకే ఆరేయాల్సినవన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. రెండు పడగ్గదుల ఫ్లాటులో వెనకవైపు యుటిలిటీ అని బిల్డరు వదిలిన జాగాలో వాషింగ్ మిషను పెడితే, ఇక మనిషి పక్కకు తిరిగి నిలబడాలి. మిగిలినవి రెండు చోట్లు. మిద్దెకేమో తాళం, ట్యాంకులున్నాయని, పిల్లలు ఎక్కుతారని. బాల్కనీకేమో తీర్మానం. మరి తడిబట్ట ఎక్కడికి పోవాలి? ఫ్యాను కింద కుర్చీల మీద వేస్తున్నారు కొందరు. ఊరంతా ఎండే అయినా ఇంట్లో బట్టలు ముక్కవాసన వేస్తున్నాయి.

రైల్వే కాలనీలో ఉన్నప్పుడు మాకు వేరే గొడవ ఉండేది. అప్పట్లో బ్రాడ్ గేజ్, మీటర్ గేజ్ రెండూ కలిసే జంక్షన్ మాది. ఆవిరి ఇంజన్లు నడిచినన్నాళ్లూ లోకో షెడ్డు దిక్కు నుంచి గాలి వీచిందంటే బొగ్గు నుసి కాలనీ మీద పడేది. మా ఆయన గార్డు. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ మాకు గార్డే. గార్డు యూనిఫాం తెలుపు. ఆరేసేముందు కొంగు గాల్లోకి వదిలి, అది ఎటు ఎగురుతుందో చూసుకునేదాన్ని. గాలి షెడ్డు మీదుగా వస్తుంటే రంగు బట్టలు బయట, తెల్లవి వసారాలో. పొరపాటున నుసి పడితే తడిచెయ్యి పెట్టకూడదు, పెడితే మరక పాకుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, చొక్కా భుజాలు పట్టుకొని ఒక్క విదిలింపు విదిలిస్తే రాలిపోతుంది. ఇది నాకు పక్క క్వార్టరు పెద్దావిడ నేర్పింది. ధర్మవరం పట్టుచీర నీడపట్టునే ఆరాలి. రంగు జాకెట్టు తిరగేసి వేయాలి. ఆషాఢం గాలికి దుప్పటికి ఒక క్లిప్పు ఆగదు, తాడు మీద మడిచి రెండంచులూ కలిపి పెట్టాలి. ఇదంతా పనితనమే. దీనికి జీతం లేదు, పేరూ లేదు. ఇప్పుడు కనిపించకుండా చేయాలన్న షరతు కూడా వచ్చి చేరింది.

తీర్మానం చేసిన కమిటీలో అందరూ మగవాళ్లే. మంచివాళ్లే, ఆపదకు అడ్డం పడే ఇరుగుపొరుగే. కానీ వాళ్లలో ఒక్కరు కూడా బట్టలు ఆరేయగా నేను చూడలేదు. మీటింగు పెట్టింది నీళ్లొచ్చిన రోజు, పొద్దున పదకొండింటికి. సరిగ్గా ఆడవాళ్లు మిషన్లోంచి బట్టలు తీసే వేళ. వీధివైపు బాల్కనీ ఎవరికి ఎందుకు కావాలో చెప్పగలిగినవాళ్లు ఆ వేళకు మీటింగులో లేరు.

దాచిపెట్టుకోమనడం ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. నెలసరి గుడ్డ సంగతే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 24 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు సగం మంది, ప్యాడ్లు వాడినా వాడకపోయినా, నెలసరికి గుడ్డ కూడా వాడుతున్నారు. ఆ గుడ్డను సబ్బుతో ఉతికి మంచి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలని, చెమ్మ మిగిలితే ఇన్ఫెక్షన్లు వస్తాయని డాక్టర్లు చెప్తారు. ఇళ్లల్లో జరిగేది వేరు. దండెం మీద గుడ్డ వేసి, దాని మీద తువ్వాలు కప్పుతారు. పైన తువ్వాలు గంటలో గలగలమని ఆరిపోతుంది, కింద గుడ్డ సాయంత్రానికి కూడా పచ్చిగానే ఉంటుంది. అట్లాగే మడిచి పెట్టేస్తారు. బళ్లో ఎనిమిదో తరగతి ఆడపిల్లలను కూర్చోబెట్టుకొని ఎండ తగలాలమ్మా అని చెప్తే, "ఎవరన్నా చూస్తే ఎట్లా టీచర్?" అనేవాళ్లు. కంటికి కనబడిన బట్టే తప్పని నోటీసు బోర్డు మీద రాసిపెట్టాక, ఆ పిల్లకు ఇక నేను ఏం చెప్పాలి?

ఊళ్లో ఇంకొకరున్నారు, ఊరి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి బతికే రజకులు. ప్రభుత్వాలు వాళ్లకు కొంత చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చేదోడు పథకం కింద ఏడాదికి పదివేలు ఇచ్చారు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేశారు. కరెంటు ఇస్త్రీపెట్టెకు అక్కరకొస్తుంది. ఆరేయడానికి మాత్రం నేల కావాలి. ఖాళీ జాగాలు ప్లాట్లయి, ప్లాట్లు బిల్డింగులైన కొద్దీ వాళ్ల దండేలు రోడ్డు పక్కకు, ప్రహరీ గోడల మీదికి వచ్చాయి. ఆరేసిన బట్ట ఊరికి అందవికారమన్న మాట ఇవాళ బాల్కనీ మీద చెల్లితే, రేపు వాళ్ల దండెం మీద చెల్లుతుంది. మనం బాల్కనీలో ఆరేయడం మానేసి దుప్పట్లు ఎవరి మూటలో వేస్తామో ఆ మనిషికే చోటు లేకుండా చేస్తాం.

అసలు ఈ నిబంధన ఏ ఇంటి కోసం రాసిందో చూస్తే నవ్వొస్తుంది. మహారాష్ట్ర 1970లో అపార్టుమెంట్ల చట్టం చేశాక సంఘాలకు ఇచ్చిన నమూనా బైలాస్‌లో, కిటికీల నుంచి, బాల్కనీల నుంచి బట్టలు, రగ్గులు వేలాడదీయరాదని ఉంది. దాని పక్కనే, బిల్డింగు బయటి భాగానికేసి కొట్టి రగ్గులు దులపరాదని ఇంకోటి. అమెరికా కాండోమినియం సంఘాల నమూనా నియమాల్లోనూ ఇంచుమించు ఇవే మాటలు కనిపిస్తాయి. గోడ నుంచి గోడ దాకా ఉన్ని రగ్గులు పరుచుకునే చలిదేశపు కాపురానికి తగినవి. మా బిల్డింగులో రగ్గు ఎవరింట్లో ఉంది? చాపలున్నాయి, బొంతలున్నాయి. బొంతను ఎండలో వేసి కర్రతో నాలుగు బాదకపోతే నల్లులు చేరతాయి. మన రాష్ట్రంలో 1987 అపార్టుమెంట్ల చట్టం ఓనర్లు సంఘంగా ఏర్పడి తమ పద్ధతులు తామే రాసుకోవడానికి వీలిచ్చింది. అంటే మా ఇంటి మీదికి ఈ నిబంధనను తెచ్చింది ఢిల్లీ కాదు, అమరావతి కాదు. మేమే. మేం రాసుకున్నదాన్ని మేం కొట్టేసుకోవచ్చు.

అందం అన్న మాట వెనక ఉన్నది బీదగా కనిపిస్తామేమోనన్న భయం. 2020 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు వస్తున్నాడని అహ్మదాబాదులో రోడ్డు పక్క గుడిసెలకు అడ్డంగా గోడ కట్టారు. 2023లో జీ20 సమావేశాలప్పుడు ఢిల్లీలో ఆకుపచ్చ తెరలు కట్టారు. గోడ కట్టినందుకు గుడిసె మేడ కాలేదు. దుబాయ్ మునిసిపాలిటీ 2021లో బాల్కనీల్లో బట్టలు ఆరేస్తే ఊరి అందం చెడుతుందని జనాన్ని హెచ్చరించింది. మా జిల్లా నుంచి, కడప నుంచి గల్ఫుకు పోయినవాళ్లు ఎందరో. మా వీధిలో అట్లా తిరిగొచ్చిన ఒకాయన, గదిలో మంచాల కమ్మీల మీదే తడిబట్టలు వేసుకొని వాటి కిందే పడుకునేవాళ్లమని చెప్తుంటాడు. అది పరాయి ఊరు, పొట్టకూటికి పోయినవాళ్లు తలవంచుకొని ఉండక తప్పదు. అప్పుచేసి కొనుక్కున్న సొంత ఇంట్లో కూడా అట్లాగే ఉండాలా?

కమిటీవాళ్ల ఫిర్యాదుల్లో న్యాయమైనవి లేకపోలేదు. పిండకుండా వేసిన దుప్పటి నీళ్లు కింది ఇంటివాళ్ల వడియాల మీద కారితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మెట్లదారికి అడ్డంగా తాడు కడితే చీకట్లో మెడకు తగులుతుంది. వీధిలోకి వేలాడే చీర గాలికి లేచి స్కూటరు మీద పోయే మనిషి ముఖాన పడితే చాలా ప్రమాదం. వీటన్నిటికీ నిబంధన పెట్టండి, మొదటి సంతకం నాదే. లోదుస్తులు ఎదురుగా వేస్తున్నారన్న మాటకు, లోపలి తాడు మీద వేసుకోండని చెప్తే సరిపోయేది. దానికి మొత్తం బాల్కనీనే మూసేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. 2022 జూలైలో కామారెడ్డిలో, వానలు పడుతున్న రోజుల్లో, బట్టలారేసే ఇనుప తీగకు కరెంటు ప్రవహించి ఒకే ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఇట్లాంటి వార్తలు వానాకాలం వస్తే జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాం. జరిగే తీరు చాలా మామూలు. ఇంటికొచ్చే సర్వీసు వైరో, బల్బు కోసం లాగిన వైరో రేకుకో ఇనుప కమ్మీకో ఒరుసుకుని పైతొడుగు అరిగిపోతుంది. ఆ కమ్మీకే దండెం తీగ కట్టి ఉంటుంది. తడిబట్ట, తడిచేతులు, తడినేల. ఒకరు అతుక్కుపోతే విడిపించబోయిన రెండోవాళ్లూ పోతారు. ఎత్తు ప్రమాదం ఇంకోటి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫరీదాబాదులో పదో అంతస్తు నుంచి జారి కింది బాల్కనీలో పడిన చీర కోసం, ఒక తల్లి కొడుకును దుప్పటికి కట్టి కిందికి దింపింది. పిల్లవాడు బతికి బయటపడ్డాడు. ఆ వీడియో దేశమంతా చూసి ఆమెను తిట్టింది.

మా తీర్మానంలో వీటి గురించి ఒక్క ముక్క లేదు. ట్యాంకు చూడటానికి వాచ్‌మన్‌తో మిద్దె ఎక్కినప్పుడు చూశాను, ఎప్పుడో కట్టిన ఇనుప జీఐ తీగ ఇంకా అట్లాగే ఉంది. ఒక కొస డిష్ యాంటెన్నా కమ్మీకి, ఇంకో కొస ట్యాంకు ఇనుప పైపుకు. మోటారుకు పోయే వైరు ఆ పైపును ఆనుకునే ఉంది. వీధిలో పోయేవాళ్లకు అది కనపడదు గనక దానివల్ల బిల్డింగు అందానికి వచ్చిన లోటేమీ లేదు.

కట్టుదిట్టం కావాలనుకునేవాళ్లు సింగపూరును చూడాలి. చూయింగ్ గమ్ అమ్మకాన్నే 1992లో నిషేధించిన ఊరు అది. అక్కడ జనంలో అత్యధికులుండేది ప్రభుత్వ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలో. ఆ ఫ్లాట్లకు వంటింటి కిటికీ బయట, బట్టలు గుచ్చిన వెదురు కర్రలు దూర్చడానికి గొట్టాలు బిగించి మరీ ఇచ్చారు. తర్వాతి రోజుల్లో వాటి బదులు కమ్మీల స్టాండ్లు వచ్చాయి. వాళ్లు పట్టుకునేది నీళ్లు కారే బట్టలను, కింద జనం నెత్తిన పడే వస్తువులను. అంత కట్టడి చేసే ఊరే, ఇల్లు కట్టేటప్పుడే తడిబట్టకు చోటు ఆలోచించింది.

మనం చేయాల్సింది నాలుగు పనులు. మొదటిది, ఇనుప తీగలు దించేసి నైలాన్ తాళ్లు కట్టుకోవడం, వాటిని కరెంటు వైర్లకు, లోహపు పైపులకు ఎడంగా ఉంచడం, ఇంటి మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించడం. వీధిలో 11 కేవీ లైను ఉంటే, భవనానికీ దానికీ పక్కలకు కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలన్నది కరెంటు నిబంధన. అంతకంటే దగ్గరగా లైను ఉన్న బాల్కనీలో మాత్రం బట్టలు వద్దు, మనుషులూ జాగ్రత్త. రెండోది, మిద్దె తాళంచెవి ప్రతి ఇంటికీ ఒకటి. పిట్టగోడ చాలకపోతే ఎత్తు పెంచండి, సోలార్ పలకలు పెట్టినా దండేలకు ఒక వరస వదలండి. మూడోది, ప్లాను మంజూరు చేసేటప్పుడు కారు పార్కింగు ఎక్కడ, ఇంకుడు గుంత ఎక్కడ అని అడిగే మునిసిపాలిటీ, బట్టలారేసే చోటు ఎక్కడ అని కూడా అడగాలి. కారు లేని ఇల్లుంటుంది గానీ, తడిబట్ట లేని ఇల్లుండదు. నాలుగోది, రజకులకు ఎండ తగిలే ఉమ్మడి స్థలం, నీళ్ల వసతితో సహా, లేఅవుట్లు వేసేటప్పుడే విడిచిపెట్టాలి.

చివరి రెండూ ప్రభుత్వం తలుచుకోవాలి, టైం పడుతుంది. మిద్దె తాళానికి ఇంకో మీటింగు కావాలి. తీగ దించడానికి మాత్రం మీటింగు అక్కర్లేదు, ఒక కటింగ్ ప్లయరు, అరగంట పని. మా సీమలో వాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చేలోగా ఆ తీగ దించేద్దాం. బాల్కనీ అందం గురించి ఆ తర్వాత ఎంతసేపైనా వాదించుకోవచ్చు.